రెండో భాగం రాని నవల

మొన్న నెల్లూరులో గ్రంథాలయాల గురించి జరిగిన ఒక సభకు వెళ్లాను. పుస్తకం మనిషిని ఎలా నిలబెడుతుందో చెబుతూ వేదిక మీద ఒక పెద్దమనిషి ఒక కథ చెప్పాడు. సముద్రం ఒడ్డున ఒక పాలెం, అక్కడొక చిన్న గ్రంథాలయం, వానగాలిలో భర్త తప్పిపోయిన ఒక చిన్నది. ఆమె ఒక సాహస నవల వింటూ ధైర్యం తెచ్చుకుందట. నవలలో ఓడ ఒడ్డుకు చేరిన రోజే ఆమె భర్త కూడా ఇసుకలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాడట. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆ గ్రంథాలయంలో పనిచేసింది నేను. ఆ నవల చదివి వినిపించింది నేను. ఆ మనిషి రాలేదు.

ఈ సంగతి నేనెవరికో చెప్పి ఉంటాను, వాళ్లు ఇంకెవరికో చెప్పి ఉంటారు. నోరు మారిన ప్రతిసారీ అతని తెప్ప కొంచెం కొంచెం ఒడ్డుకు జరిగి, ఇప్పుడు ఏకంగా ఇసుక మీదికి వచ్చేసింది. నేను పోయాక సరిచేసేవాళ్లు ఉండరు. అందుకే ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీ కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మనుబోలు దగ్గర మా నాన్న కౌలుకు చేసే మడి మమ్మల్ని పోషించలేక నన్ను నెల్లూరులో ఒక బియ్యం మండీలో చేర్చారు. మూటల మీద గుర్తులు వేసే పని. మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళితే నేను పఠనాలయానికి వెళ్లేవాణ్ణి. గ్రహణాలు ఎందుకొస్తాయో, నీళ్లలో మునిగే ఓడ మళ్లీ ఎలా తేలుతుందో, చంద్రుడు సముద్రాన్ని ఎలా లాగుతాడో అక్కడే చదివాను. కాలేజీ కుర్రాళ్లు పక్కన కూర్చుంటే కావాలని లావుపాటి పుస్తకం తీసి తెరిచేవాణ్ణి. ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. ఆ చదువు చూసి ఒక పెద్దాయన నాకు శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం ఇప్పించాడు. అరవైల మొదట్లో మాట. ఉప్పు కాలువ దాటి, సర్వి తోటల వెనక, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాలెంలో వేశారు. అప్పటిదాకా నేను సముద్రాన్ని పుస్తకాల్లో తప్ప చూడలేదు.

నాతో పాటు అక్కడ పనిచేసింది అటెండరు ఒక్కడే. నాకంటే చాలా పెద్దవాడు. సూళ్లూరుపేటలో పుస్తకాలకు అట్టలు కట్టే కుటుంబం వాళ్లది. ఊరంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. పుస్తకం చదవడం కంటే దాని వెన్ను విరగకుండా చూడడం ముఖ్యమని ఆయన నమ్మకం. బోర్లా పెట్టిన పుస్తకం కనిపిస్తే, మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు తొక్కినట్టు బాధపడేవాడు.

పాలెంలో చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని సాయంత్రాలు నేనే పైకి చదివేవాణ్ణి. కుర్రాళ్లు వలలు తెచ్చుకుని వరండా ముందు ఇసుకలో కూర్చుని, చిరిగిన చోట్ల అల్లుకుంటూ వినేవాళ్లు. ఆడవాళ్లు కంచె అవతల ఎండు చేపలు ఎత్తుకుంటూ వినేవాళ్లు.

ఆ ఏడు జిల్లా కార్యాలయం వాళ్లు కొన్ని విజ్ఞాన సాహస నవలలు పంపారు. పడుచు పాఠకుల అభిప్రాయాలు సేకరించి పంపమన్నారు. వాటిలో ఒకదాన్ని మొదలుపెట్టాను. ఒక శాస్త్రజ్ఞుడు చేప ఆకారంలో ఇనుప ఓడ చేయిస్తాడు. వెన్నెలను పీల్చుకుని వెలిగే ఒక రాయి ఆ ఓడకు ప్రాణం. మేనల్లుణ్ణీ, ఒక వంటవాణ్ణీ, ఓడ నడిపే ఒక సరంగునూ వెంటబెట్టుకుని సముద్రం అడుగున ఏముందో చూడడానికి బయల్దేరతాడు. మునిగే చోటు దాకా తెరచాపతో పోవాలి, తర్వాత అడుగుకు దిగాలి.

మొదటి సాయంత్రం ఓడ నీటిలోకి దిగుతుండగా ఆపేశాను. వారపత్రికల వాళ్లు సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపుతారు కదా, ఆ ఉపాయం. పుస్తకం మూసి లేచాను. ఎవరూ లేవలేదు. నచ్చిందేమో అనుకుని సంతోషించాను. కాసేపటికి వాళ్లలో ఒక కుర్రవాడు, "పడవ లోపలుంటే ఎట్ట లేస్తాము సారూ, ఒడ్డు చూపించి మూయి" అన్నాడు. పడవ సముద్రంలో ఉండగా కథ ఆపడం ఆ పాలెంలో లేదు. ముసలమ్మ మనవడికి చెప్పే కథయినా సరే, ఒడ్డు చేరాకే నిద్ర. నేను మళ్లీ కూర్చుని, ఓడ ఒక దీవి పక్కన లంగరు వేసేదాకా చదివాను. అప్పుడు లేచారు. ఆ రోజు నుంచి చదవబోయే ముందు పేజీలు తిరగేసి, ఓడ ఎక్కడ ఆగుతుందో చూసుకునేవాణ్ణి.

ఇక అభిప్రాయాలు. ఆ పడవ మాట అన్న కుర్రవాణ్ణి చిన్నోడు అనేవాళ్లు. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. రచయిత సముద్రాన్ని చూడలేదని వాడు రెండో రోజే తేల్చేశాడు. నవలలో ఓడ ప్రతిసారీ మధ్యాహ్నం గాలికి చాప ఎత్తి సముద్రం లోపలికి పోతుంది. తెల్లవారుజామున నేల మీద నుంచి వీచే గాలి లోపలికి తీసుకుపోతుంది, మధ్యాహ్నం తిరిగే గాలి ఇంటికి తోస్తుంది. ఇది పాలెంలో పాలు తాగే బిడ్డకూ తెలుసు. ఓడ బయల్దేరే ఘట్టం వచ్చినప్పుడల్లా వాళ్లు వలలు ఒళ్లో పెట్టుకుని నవ్వేవాళ్లు. "ఇంకా పోతానే ఉండాడా ఎదురుగాలికి, పాపం" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. వాళ్లందరిలో ఎక్కువ చదువుకున్న కుర్రవాడికి అయ్యవారు అని ఎగతాళి పేరు. వాడికి యంత్రం నచ్చింది గానీ, నీళ్లడుగున వంటవాడు పొయ్యి వెలిగిస్తే పొగ ఎటు పోయిందో చెప్పమని నన్ను పట్టుకున్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు.

చిన్నోడి నడిపి అన్నకు కొత్తగా పెళ్లయింది. ఆ అమ్మాయిది సూళ్లూరుపేట అవతల చెరువు మీద చేపలు పట్టే ఊరు. కంచె దగ్గర నిలబడి వినేది. ఒకరోజు నన్ను అన్నా అని పిలిచి అడిగింది. "ఓడ కట్టిన ఊళ్లో ఒక్క ఆడదీ లేదే. వీళ్లు పోతే ఎదురుచూసేది ఎవురు?" అదీ రాసుకున్నాను. ఇవన్నీ కార్యాలయానికి పంపితే, యంత్రశక్తిని గురించీ దేశాభివృద్ధిని గురించీ అభిప్రాయాలు రాబట్టవలసిందని జవాబు వచ్చింది.

నవల చివరికి వచ్చింది. చివరి అధ్యాయంలో ఓడ ఎక్కడో ఒకచోట తేలుతుందని నమ్మి, ఆ రోజు ముందుగా తిరగేయలేదు. అగాధంలో రాయి మసకబారుతుంది. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. రాయి ఆరిపోతుంది. పేజీ తిప్పాను. మొదటి భాగం సమాప్తం అని ఉంది.

వాళ్లు లేవలేదు. నేను ఏం చెప్పినా లేవలేదు. అప్పుడు ఆ అమ్మాయి భర్త, చిన్నోడి నడిపి అన్న, అందరికీ వినిపించేటట్టు అన్నాడు. "వచ్చేస్తార్లే. రెండో భాగం ఉండాదంటే బతికుండారనే గదా." ఆ నవల మీద నేను విన్న అభిప్రాయాలన్నిటిలోకీ తెలివైనది అదే. అందరూ నవ్వారు. కానీ పుస్తకం మూయడానికి వీల్లేదని ఒప్పందం. ఆఖరి పేజీ దగ్గర తెరిచి, గాలికి ఎగరకుండా వల అంచున కట్టే సీసపు గుండు ఒకటి పైన పెట్టి, బల్ల మీద వదిలేశారు. భాయ్ గొణుక్కుంటూ దీపం తీశాడు. రెండో భాగం పంపమని మద్రాసులో ప్రచురణకర్తకు రాశాను.

కార్తీకంలో ఈశాన్యపు గాలి తిరిగింది. చేపలు బాగా పడే రోజులని ఆశపడి రెండు మూడు తెప్పలు వెళ్లాయి. మిగతావి వచ్చాయి. నడిపివాడి తెప్ప దుంగలు విడిపోయి దక్షిణంగా ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు.

పోయినవాడికి దినాలు అయ్యేదాకా ఆ ఇంటి మగవాళ్లు సముద్రంలో వల వేయకూడదు. అది వాళ్ల కట్టుబాటు. దినాలు చేయాలంటే పెళ్లాం ఒప్పుకోవాలి, శవం లేనప్పుడు మరీను. ఆమె ఒప్పుకోలేదు. కులపెద్దలు కూర్చుని అడిగితే, మా ఆయన ఏమన్నాడో మీరంతా విన్నారు, రెండో భాగం చదివి ఆ పుస్తకం మూసిందాకా దినాల మాట ఎత్తొద్దు అని చెప్పిందట. పిచ్చిదని కొందరన్నారు. కానీ ఆ సాయంత్రం ఇసుకలో కూర్చున్నవాళ్లెవరూ అనలేదు. పుస్తకం వాళ్లే తెరిచి ఉంచారు మరి.

ఆ ఇంటికి రోజూ ఒక్కో తెప్ప వాళ్లు నాలుగు చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాళ్లు. పెద్దన్న సిగ్గుతో గుమ్మంలోకి రావడం మానేశాడు. చేతిలో పని లేక చిన్నోడు గ్రంథాలయంలోనే పడి ఉండేవాడు, ఎవరెవరివో వలలు అల్లుతూ. ఆమె రోజూ ఒకసారి వచ్చి కిటికీలోంచి బల్ల వైపు చూసి పోయేది. తెరిచి ఉందా లేదా అని. వెన్ను చిట్లిపోతున్నా భాయ్ ఆ పుస్తకం మీద చెయ్యి వేయలేదు. ఉప్పుగాలికి అట్ట ఉబ్బకుండా రోజూ చుట్టూ గుడ్డతో తుడిచేవాడు.

ప్రచురణకర్త జవాబు రావడానికి సంక్రాంతి దాటిపోయింది. రచయిత క్షయతో పోయాడు. రెండో భాగం ఒక్క పుటా రాయలేదు. మిగిలిన ప్రతులు తక్కువ ధరకు కావాలా అని అడిగారు.

ముందు చిన్నోడికి చెప్పాను. వాడు అల్లుతున్న వల అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు అయ్యవారిని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండో భాగం మేమే రాస్తాము, నువ్వు చదువు అన్నాడు. ఓడ మునిగిపోయినట్టు రాస్తే వదిన ఒప్పుకుంటుంది, దినాలు అవుతాయి, పెద్దన్న సముద్రంలోకి పోతాడు, ఇల్లు నిలబడుతుంది. నాకు అంతకంటే మంచి మాట తోచలేదు. కాగితాలు ఇచ్చాను. భాయ్ మాత్రం, ముంచేదానికి ఇంతమందెందుకురా, ఒక్క వాక్యం చాలదా అన్నాడు.

ఆ ఒక్క వాక్యమే వాళ్ల వల్ల కాలేదు.

అయ్యవారు ఇనుపరేకు చీల్చి నీళ్లు లోపలికి తెప్పించాడు. మోకాళ్ల దాకా తెచ్చి కలం కింద పెట్టాడు. వంటవాడు ఏం చేసినాడురా, పొగ మింగి వంట చేసినాడు, వాణ్ణన్నా తేల్చు అన్నాడు చిన్నోడు. వంటవాణ్ణి తేలిస్తే మేనల్లుణ్ణి వదిలేయడానికి మనసొప్పలేదు. సరంగు లేకపోతే వాళ్లకు దారి చూపేదెవరు? ఇలా కొన్ని మధ్యాహ్నాలు గడిచాక చూస్తే అందరూ పైకి తేలి ఉన్నారు, ఓడకు చాప ఎత్తి ఉంది. తర్వాత వాళ్లను ఆపడం నా తరం కాలేదు. చిన్నోడు కళ్లు మూసుకుని చెబుతుంటే అయ్యవారు రాశాడు. నేను మొదట అనుకున్నది గుర్తు చేశాను. "తెలుసు సారూ. చెయ్యి రాలేదు" అన్నాడు చిన్నోడు. అందరికంటే దాన్ని ముంచవలసిన అవసరం ఉన్నది వాడికే.

ఇది చదివితే ఆమె ఇంకా ఎదురుచూస్తుంది కదా అని భాయ్ అన్నాడు. నాకూ అదే భయం. కానీ ఎట్ట ముగిసినా పుస్తకం మూస్తాం, మూస్తే ఆమె పెట్టిన గడువు తీరుతుంది అని వాళ్లు సర్దిచెప్పుకున్నారు. పైగా రెండో భాగం వచ్చిందన్న మాట అప్పటికే పాలెంలో పాకింది. వచ్చిందంట గదన్నా, ఎప్పుడు చదువుతావు అని ఆమె కిటికీ దగ్గర అడిగి వెళ్లింది. ఇక వెనక్కి పోవడానికి లేదు. ఆ కాగితాలను భాయ్ ఎంతో శ్రద్ధగా పుస్తకం చివర కుట్టాడు.

చదువుతానని చెప్పిన మధ్యాహ్నం పాలెమంతా వచ్చింది. మామూలుగా కంచె అవతల నిలబడే ఆడవాళ్లు లోపలికి వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆమె బల్లకు దగ్గరగా కూర్చుంది. నేను సీసపు గుండు తీసి చదివాను.

ఆ కుర్రాళ్లు రాసింది నాకిప్పటికీ చాలావరకు నోటికి వచ్చు. ఓడ మీద నుంచి ముందు సర్విచెట్ల తలలు కనిపిస్తాయి, తర్వాత మొదళ్లు, ఇసుక అన్నిటికంటే ఆఖరున. మధ్యాహ్నం గాలి వీపు మీద పడుతుంది. అలలు విరిగే చోటికి రాగానే సరంగు చాప దించమంటాడు. మేనల్లుడు తొందరపడితే భుజం పట్టి ఆపుతాడు. పెద్ద అలలు వరసగా పోనిస్తారు. అవి పోయాక సముద్రం ఊపిరి తీసుకున్నట్టు కాస్త చదునవుతుంది. అప్పుడు ఒక్కసారిగా తెడ్లు. ఓడ అడుగు ఇసుకను రాస్తుంది. ఒడ్డు మీద ఒకామె నిలబడి ఉంటుంది. ఆమె ఎవరి భార్యో రాయలేదు.

చదవడం ఆపాను. జనం ఊపిరి వదిలారు. ఒక ముసలివాడు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇన్నాళ్లకు లేవొచ్చునన్నట్టు ఒకరిద్దరు కదిలారు. ఆమె కదలలేదు. తల వంచుకుని ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కూర్చుంది. తర్వాత నావైపు చూసింది. కోపం లేదు.

"మొదట్నుంచీ మధ్యాహ్నం గాలికి లోపలికి పోయినవాడు, ఈరోజు అదే గాలికి ఇంటికి ఎట్టొచ్చినాడన్నా?"

అయ్యవారు నేల చూశాడు.

"ఇది ఆ పుస్తకం రాసినాయన మాట గాదు. ఆయనకు అలల కాడ ఆగేది తెలీదు" అంది. "రెండో భాగం లేదు గదా?"

లేదమ్మా అన్నాను. ఆ మాట నేనే చెప్పాలి కనక చెప్పాను. ఆమె భర్త అన్న మాట అక్కడున్న ప్రతివాళ్లకూ గుర్తుంది. రెండో భాగం ఉంటే బతికున్నట్టే అన్నాడు. లేకపోతే ఏమిటో అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆమె లేచి చిన్నోడి దగ్గరికి వెళ్లింది. వాడు మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాడు. "బాగా తెచ్చినావు నాయనా ఒడ్డుకు. మీ అన్న అట్టనే తెచ్చేవాడు" అని వాడి తల మీద చెయ్యి వేసింది. భాయ్ వైపు తిరిగి, "మూసెయ్యి భాయ్" అంది.

భాయ్ మూశాడు. అన్ని నెలలు తెరిచి ఉన్న పుస్తకం కదా, అట్టలు కలవలేదు. రెండు చేతులతో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు.

ఆ వారంలోనే దినాలు చేశారు. అన్నదమ్ములు ఇద్దరూ సముద్రంలోకి వెళ్లారు. ఆ ఇంటికి చేపలు తెచ్చి పెట్టడం ఆగింది. పెద్దన్న మళ్లీ గుమ్మంలో కనిపించాడు. నెల తిరక్కుండా ఆమె పుట్టింటివాళ్లు వచ్చి కాలువ పడవలో ఆమెను తీసుకెళ్లారు. నేను గట్టు దాకా వెళ్లాను. ఆ తర్వాత ఆమె సంగతి నాకు తెలియదు. తెలిసిందని చెప్పి మీ మనసు తేలికచేయలేను.

సాయంత్రాలు చదవడం మళ్లీ మొదలుపెట్టాను గానీ మనుషులు పలచబడ్డారు. చిన్నోడు అసలే రాలేదు. ఒకసారి ఇసుకలో ఎదురుపడితే, "ఓడలు లేని పుస్తకం ఏదన్నా ఉంటే చెప్పు సారూ, వస్తాను" అన్నాడు. వెతికి ఒక ఎడారి ప్రయాణం తెచ్చాను. అది మొదలుపెట్టేలోగా నాకు బదిలీ అయింది.

తర్వాత ఎన్నో ఊళ్లలో పనిచేశాను. కాగితాల మీద పాఠకుల అభిప్రాయాలు ఎన్నో చూశాను. బాగుంది, బాగులేదు, ఉత్కంఠభరితం. చదివి పక్కన పెట్టేవాణ్ణి. పాఠకుడు పుస్తకాన్ని నిజంగా ఎంత నమ్మాడో ఆ కాగితాల మీద తెలియదు. మీరు అడిగేటప్పుడు కాస్త ఆగి అడగండి. జవాబు బరువుగా ఉంటే మోయడానికి సిద్ధపడి అడగండి.

ఇలాంటి రాతల చివర సాయపడ్డవాళ్ల పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. అసలు పేర్లు రాయడం నాకిష్టం లేదు, పిలుపులే రాస్తాను. భాయ్‌కి, పుస్తకానికి కూడా నొప్పి ఉంటుందని నేర్పినందుకు. అయ్యవారికి, మోకాళ్ల దగ్గర నీళ్లు ఆపినందుకు. చిన్నోడికి, చెయ్యి రానందుకు. సముద్రం చూడకుండా సముద్రం గురించి రాసి పోయిన ఆ రచయితకు కూడా. ఆయనా నాలాగే ఏ పఠనాలయంలోనో కూర్చుని నేర్చుకుని ఉంటాడు. మేం నవ్వాం గానీ, ఆయన తెలిసిన అబద్ధం ఒక్కటీ రాయలేదు.

నన్ను అన్నా అని పిలిచిన ఆమెకు ఆఖరున. ఈ సంగతి రాస్తూ ఇప్పుడు కూడా, మధ్యాహ్నం గాలి దగ్గరికి వచ్చేసరికి నా కలం ఒడ్డు వైపు తిరగబోయింది. ఆమె వింటే పట్టేస్తుందని ఆపుకున్నాను.